నిద్రలేపుడు

పసిపిల్లల్ని నిద్రలేపడం కష్టం, కుంభకర్ణుణ్ణి లేపడం ఇంకా కష్టం. కంటికి ఆనని లోహపు రేణువుల్ని నిద్రలేపడం ఎంత కష్టమో మాత్రం అక్కను అడగాలి. ఏళ్ల తరబడి ఆమె చేస్తున్న ఉద్యోగం అదే. గాజు గిన్నెలో పలచటి ఆమ్లం పోసి, మిథనాల్ అనే విషపు స్పిరిట్ కాస్త కలిపి, ఒక కడ్డీ కొసకు తన రేణువుల పొడి పూసి అందులో ముంచుతుంది. ఎదురుగా ఒక ప్లాటినం తీగ ముంచుతుంది. కరెంటు ఒకచోట లోపలికి వెళ్తే ఇంకోచోట బయటికి రావాలి కదా, అందుకని ఆ తీగ. ఇక ఓల్టేజీని పైకీ కిందికీ ఆడిస్తూ కూర్చోవడమే. మొదట్లో తెరమీద గీత కదలకుండా పడి ఉంటుంది. కొన్ని వందలసార్లు ఆడించాక మెల్లగా తల ఎత్తుతుంది. అది లేచిందంటే రేణువులు మిథనాల్‌ను దహించి కరెంటు పిండుతున్నాయని అర్థం. ల్యాబ్‌లో అందరూ దీన్ని ‘నిద్రలేపుడు’ అనేవారు. ఆ మాట పుట్టించింది కూడా అక్కే.

మిథనాల్ నుంచి కరెంటు తీయడంలో వింతేమీ లేదు. ప్లాటినం పూస్తే ఎవరైనా తీస్తారు. కానీ ప్లాటినం ధర వింటే మిథనాల్ తాగినవాడికన్నా ముందు మనకే కళ్ళు తిరుగుతాయి. అక్క గొప్పల్లా ప్లాటినం లేకుండా నికెల్, తగరం కలిపిన మిశ్రమలోహంతో ఆ పని చేయించడం. అందులోనూ ఒక కిటుకుంది. రెండు లోహాల పరమాణువులూ సంతలో జనంలా కలగాపులగంగా ఉన్న రేణువులు పనికిరావు. అవి నిద్రలేవకముందే ఆమ్లంలో కరిగి రాలిపోతాయి. అదే పొడిని కొలిమిలో నిదానంగా కాల్చి, ఒక వరస నికెల్, ఒక వరస తగరంగా బడిపిల్లల్లా కూర్చోబెడితే ఆమ్లాన్ని తట్టుకుని నిలబడతాయి, చివరికి లేస్తాయి. ‘బలమంతా అమరికలోనే ఉంది’ అని అక్క పెద్ద వ్యాసం రాసింది. ల్యాబ్ యజమాని లాంటి పెద్దసారు ఆ గీతను చట్రం కట్టించి తన కుర్చీ వెనక గోడకు తగిలించాడు. పెళ్లి ఫొటో కూడా అంత శ్రద్ధగా తగిలించి ఉండడు.

అంతవరకైతే ఎవరికీ నష్టం లేదు. వ్యాసాలు చదివి చెడినవాళ్లు తక్కువ. కానీ అక్కకు ఒక తమ్ముడున్నాడు.

తమ్ముడు ఆసుపత్రిలో మిషన్లు బాగుచేసేవాడు. వాడి చేతిలో ఏదో ఉందని ఊరంతా అనుకునేది. కంపెనీవాళ్లు వచ్చి పెదవి విరిచిన ఎక్స్‌రే మిషన్‌ను కూడా వీడు స్క్రూడ్రైవరుతో గిలిగింతలు పెట్టి నవ్వించేవాడు. ఒక రోజు అక్క ఇంట్లో భోజనాలయ్యాక, మాటల మధ్యలో ఆ గీత సంగతి వచ్చింది. అక్క ఉత్సాహం పట్టలేక ఎంగిలి చేత్తోనే బల్లమీద గీసి చూపించింది. తమ్ముడు కళ్ళార్పకుండా విన్నాడు.

“అంటే చప్పుడు లేకుండా, పొగ లేకుండా కరెంటిచ్చే పెట్టె చేయొచ్చన్నమాట. ఆపరేషన్ గదిలో కూడా పెట్టుకోవచ్చు.”

“చేయొచ్చురా. చేతిపని బాగా వచ్చినవాడు దొరకాలంతే.”

ఆ ఒక్క మాటే కొంప ముంచింది. అన్నదాన్ని వెనక్కి తీసుకునే మిషన్ ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. నెల తిరక్కుండా తమ్ముడు ఉద్యోగం మానేశాడు. గ్యారేజీల వరస వెనక ఒక రేకుల షెడ్డు తీసుకున్నాడు. పెట్టె ఇంకా పుట్టకముందే దానికి రంగు ఏది వేయాలా అని పెళ్ళాంతో, అంటే అక్క మరదలితో, పోట్లాడాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మరదలు నవ్వింది. అప్పట్లో ఆమెకు నవ్వు వచ్చేది.

పొడి అక్క ఇచ్చేది. దాన్ని సిరాలా కలిపి, పలచటి పొరమీద చిమ్మి, రెండు వేడి పలకల మధ్య నొక్కి, పెట్టెలో బిగించడం తమ్ముడి పని. రెండోవైపు, అంటే గాలి తగిలే వైపు, బజార్లో దొరికే, ప్లాటినం పలచగా పూసిన మామూలు పొర పెట్టేవాడు. మిథనాల్ పోయగానే చిన్న బల్బు వెలిగేది. మొదటిసారి వెలిగినప్పుడు తమ్ముడు అక్కకు ఫోన్ చేసి మాట్లాడలేక ఏడ్చాడు. టీ తాగి వచ్చేసరికి బల్బు ఎర్రబడి ఆరిపోయింది.

“నిద్రలేపావా?” అని అడిగింది అక్క.

అప్పటినుంచి తమ్ముడు లేపుతూనే ఉన్నాడు. బల్లముందు స్టూలు వేసుకుని స్విచ్చి వేయడం, తీయడం, వేయడం, తీయడం. పక్క గ్యారేజీవాళ్లు మొదట ఏదో మొక్కు అనుకున్నారు. కొత్త పొర వేసిన ప్రతిసారీ బల్బు కాసేపు వెలిగేది, ప్రతిసారీ ఆరేది. అసలే వెలగకపోయి ఉంటే వాడు ఏనాడో విసిగి వదిలేసేవాడు. ఆ కాస్త వెలుగే వాణ్ణి తినేసింది.

అక్క ల్యాబ్‌లో లేచేవి తన షెడ్డులో ఎందుకు లేవవు? పొడి ఒకటే, ఇంధనం ఒకటే. తేడా ఎక్కడుంది? తమ్ముడికి ఒకే జవాబు తోచింది. చిమ్మడం సమంగా లేదు, నొక్కడం సమంగా లేదు, చెయ్యి కుదురుగా లేదు. ముందు సహాయకుడిమీద అరిచాడు. అతను నొచ్చుకుని వెళ్ళిపోయాడు. తరవాత తననే అనుమానించుకోవడం మొదలుపెట్టాడు. చెయ్యి వణుకుతోందేమోనని కాఫీ మానేశాడు. చెమటవల్లేమోనని చేతికి తొడుగులు వేసుకున్నాడు. చివరికి నరాల డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాడు. డాక్టరు చేతులు చాపమని, కళ్ళు మూసుకోమని, ముక్కు ముట్టుకోమని చెప్పి, “నీకేం లేదయ్యా, నాకన్నా నీ చెయ్యే నిలకడగా ఉంది” అన్నాడు. తమ్ముడు దాన్ని కూడా నమ్మలేదు. నమ్మకం పోగొట్టుకోవడం మొదలుపెట్టిన మనిషి ఆ పనీ శ్రద్ధగానే చేస్తాడు.

ఇదంతా చూస్తూ అక్క ఏం చేసింది? సలహాలిచ్చింది. ఇంకొంచెం పలచగా చిమ్మమంది, ఇంకొంచెం ఓపిక పట్టమంది. తన గీతమీద తనకు ఇసుమంత అనుమానం లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఈలోగా ఆసుపత్రిలో కరెంటు పనులు చూసే ఇన్‌చార్జి పాత స్నేహంకొద్దీ ఒక మాట ఇచ్చాడు. వచ్చే వారం షెడ్డుకు వస్తాను, పెట్టె ఒక్క పూట ఆరకుండా నడిస్తే మా ఆసుపత్రికి నాలుగు చేయించుకుంటాం అన్నాడు. నడవకపోతే ఏమిటన్నది ఆయన అనలేదు, తమ్ముడూ అడగలేదు. షెడ్డు ఖాళీ చేయాల్సిందే. ఏ చేతుల్ని నమ్ముకుని ఉద్యోగం వదిలాడో, ఆ చేతుల్నే మళ్ళీ చూపించి ఎక్కడో పని అడుక్కోవాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ల్యాబ్‌లో తాళాలాయనకు పన్ను నొప్పి వచ్చింది.

తాళాలాయన అంటే స్టోరు చూసే పెద్దమనిషి. ప్లాటినం తీగ ఖరీదైనది కాబట్టి పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. ఆ తాళంచెవి మొలనుంచి దిగేది కాదు. దవడ గుమ్మడికాయంత వాచి ఇంట్లో పడుకున్నా, తాళంచెవి మాత్రం ఆయన మొలలోనే ఉండిపోయింది. అక్కకు పని ఆపడం ఇష్టం లేదు. తమ్ముడికోసం కొత్తగా కాల్చిన పొడిని పరీక్షించి పంపాలి. కరెంటు బయటికి రావడానికి ఏదో ఒక కొస ఉంటే చాలు కదా అని, సొరుగులో పడి ఉన్న బొగ్గు కడ్డీ ఒకటి తీసి తీగ బదులు ముంచింది.

గీత లేవలేదు. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఆడించినా లేవలేదు. పొడి పాడైందనుకుంది. పాత పొడి, వ్యాసంలో రాసిన అసలు పొడి, సీసాలోంచి తీసి పూసింది. అదీ లేవలేదు. గిన్నె మార్చింది, ఆమ్లం మార్చింది, తీగలు బిగించింది, కంప్యూటరును తిట్టింది. తనను తప్ప అన్నిటినీ అనుమానించింది.

తాళాలాయన దవడకు గుడ్డ కట్టుకుని వచ్చాడు. పన్ను పీకించుకున్న కథ ఆయన సైగలతో చెబుతుంటే వినకుండానే అక్క ప్లాటినం తీగ అందుకుంది. అదే పొడి, అదే ఆమ్లం. మధ్యాహ్నానికి గీత తల ఎత్తింది. సాయంత్రానికి నిటారుగా నిలబడింది. చిత్రమేమిటంటే, ఎన్నో ఏళ్లుగా ఆ గీత లేస్తే సంతోషించిన మనిషి ఆ రోజు గీతను వదిలి తీగను పైకి తీసి వెలుతురుకు పట్టి చూసింది.

ఆమెకు అర్థమైపోయింది. అర్థమైంది నిజం కాదని తేల్చుకోవడానికి మర్నాడు ఆ పొడిని మైక్రోస్కోపు కింద పెట్టింది. ఎక్కడ ఏ లోహముందో రంగుల్లో చూపించే మిషన్ అది. నికెల్ ఆకుపచ్చ, తగరం నీలం. ఆ వరసలమీద, ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చున్న ఎర్రచుక్కలు. ప్లాటినం.

తీగ కరుగుతోంది. ఓల్టేజీని ఆడించిన ప్రతిసారీ కంటికి తెలియనంత, తూకానికి అందనంత ఆమ్లంలోకి దిగి, ఈదుకుంటూ ఇవతలికి వచ్చి అక్క రేణువులమీద కూర్చుంటోంది. ఇంధనాన్ని దహిస్తున్నది ఆ ప్లాటినం. నికెలూ కాదు, తగరమూ కాదు, వాటి అమరిక అంతకన్నా కాదు. కలగాపులగం రేణువులు ముందే రాలిపోయేవి కాబట్టి ప్లాటినానికి కూర్చోవడానికి చోటు దొరికేది కాదు. వరస రేణువులు నిలబడేవి కాబట్టి చోటు దొరికేది. వరసలు చేసిందల్లా అరుగు వేయడం. సొమ్మొకడిది, సోకొకడిది. నిద్రలేపుడు అని తాను ముద్దుగా పిలుచుకున్నది ఆ సొమ్ము ఇవతలికి చేరడానికి పట్టిన సమయం మాత్రమే.

పెద్దసారు దగ్గరికి వెళ్ళి చెప్పింది. ఆయన అంతా విని, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

“ప్లాటినం తీగ పెడితే వస్తోందిగా?”

“వస్తోంది సార్. తీగవల్లే వస్తోంది.”

“వ్యాసంలో తీగ పెట్టామనే రాశాం కదమ్మా. అబద్ధం ఎక్కడుంది?”

“రేణువు చేసిందని రాశాం సార్.”

ఆయన వెనక్కి తిరిగి గోడమీది గీతను చూశాడు. ఇటు తిరిగేసరికి ముసలివాడైపోయినట్టు కనిపించాడు. “నాకు కొంచెం టైము ఇవ్వు” అన్నాడు. వ్యాసం సంగతి నెమ్మదిగానైనా తేలుతుంది, సవరించుకోవచ్చు. అక్క గుండెలో రాయి అది కాదు. తమ్ముడి పెట్టెలో ప్లాటినం తీగ లేదు. ఆవలివైపు పొరలో ఉన్న ప్లాటినం అక్కడే బిగిసి కూర్చుంటుంది, ఇటు రాదు. ఆ పెట్టె ఎప్పటికీ లేవదు. ఎవరి చేతులు చేసినా లేవదు.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్ళింది. గుమ్మంలో మరదలు ఇనపపలకలు గుడ్డతో తుడుస్తోంది.

“రండి వదినా. మీరైనా చెప్పండి. మూడు పూటల్నుంచి తిండి లేదు, ఇన్‌చార్జిగారు వస్తారని అదే ధ్యాస. రాత్రి నిద్రలో కూడా వేళ్లు స్విచ్చి నొక్కుతున్నాయి.”

తమ్ముడు లోపల పొర చిమ్ముతున్నాడు. ఊపిరి బిగబట్టి, మోచేయి బల్లకు ఆనించి, ఇంటిముందు ముగ్గు వేసినంత నేర్పుగా. ఆ పొర ఎంత నున్నగా, ఎంత సమంగా ఉందో చూస్తే అక్కకు ఏడుపొచ్చింది. అంత అందమైన పని పనికిరానిదాని మీద చేస్తున్నాడు.

“ఆపరా. నీతో మాట్లాడాలి.”

కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. తాళాలాయన పన్ను దగ్గర్నుంచి ఎర్రచుక్కలదాకా, ఒక్కటీ దాచలేదు. అంతా అయ్యాక తమ్ముడు తల అడ్డంగా ఊపాడు.

“లేదక్కా. నువ్వు బెంగతో ఏదేదో అనుకుంటున్నావు. మరి బల్బు ఎలా వెలిగింది?”

“అది ఇంధనం కాలడంవల్ల కాదురా. రేణువులే కరిగిపోతూ ఇచ్చిన కరెంటు. టార్చిలైటు బ్యాటరీలాగే. కరిగే సత్తా అయిపోగానే ఆరిపోయేది.”

“నీ రేణువులో తప్పుండదు. లోపమంతా నా చేతిలోనే ఉంది. నిన్న రెండో పొర కొంచెం మందమైంది, నేను చూశాను. ఈసారి దారికొస్తుంది.”

“ఒరే, నా మాట విను...”

“నువ్వే నా మాట విను. ఇంకో రెండు రోజుల్లో ఆయన వస్తున్నాడు. ఇప్పుడు నువ్విలా మాట్లాడితే నా చెయ్యి ఇంకా తడబడుతుంది.”

మరదలు చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తను అడగబోయిన ప్రశ్నకు జవాబు వదిన మొహంలోనే ఉంది.

“ల్యాబ్‌కు రా. నీ చేత్తోనే ముంచు. నీ కళ్ళతో చూడు” అంది అక్క.

వచ్చాడు. రానంటే ఆమె మాటే నిజమవుతుందని భయపడినట్టు వచ్చాడు. షెడ్డులో తను కలిపిన సిరానే చిన్న సీసాలో పట్టుకొచ్చాడు. కడ్డీ కొసకు తనే పూశాడు. బొగ్గు కడ్డీ తనే ముంచాడు. అక్క మిషన్ నడిపింది. ఓల్టేజీ పైకీ కిందికీ ఆడుతోంది. తెరమీద గీత పడుకునే ఉంది. సీసాలోని పాత పొడిని అక్క తన చేత్తో పూసి పక్క గిన్నెలో ఆడించినా అదే సంగతి.

ఆ గదిలో వాళ్లిద్దరే ఉన్నారు. తమ్ముడు స్టూలుమీద ముందుకు వంగి, జ్వరమొచ్చిన పిల్లవాణ్ణి చూస్తున్నట్టు ఆ తెరను చూశాడు. మధ్యాహ్నం అక్క తినడానికి ఏదో తెచ్చింది, ముట్టలేదు. ఒకసారి గీత కొంచెం కదిలినట్టనిపించి “అదిగో” అన్నాడు. తలుపు వేసిన అదురుకు కదిలిందని అక్క చెప్పాల్సొచ్చింది. జీవితంలో తమ్ముడికి చెప్పిన మాటలన్నిటిలో అంత కఠినమైనది ఇంకోటి లేదనిపించింది ఆమెకు.

ఎండ కిటికీ దిగిపోయింది. తమ్ముడు వెనక్కి వాలి కూర్చున్నాడు.

“అయితే నా చేతులు బాగానే ఉన్నాయన్నమాట.”

“ఎప్పుడూ బాగానే ఉన్నాయిరా. నీ చేతుల్లో ఏనాడూ లోపం లేదు.” ఈ మాటతో వాడికి ఎంతోకొంత ఊరట కలుగుతుందని అక్క దారంతా ఆశపడుతూ వచ్చింది. ఆమె దగ్గర వాడికివ్వడానికి మిగిలింది అదొక్కటే.

“లోపం ఉంటేనే బాగుండేదక్కా” అన్నాడు తమ్ముడు. “చేతులదైతే ఏదోలా దిద్దుకునేవాణ్ణి.”

అక్క అక్కడే ఏడ్చేసింది. ఆమె ఏడుస్తుంటే చిన్నప్పటినుంచీ వాడికి చూడబుద్ధి కాదు. లేచి భుజంమీద చెయ్యివేశాడు. ఓదార్చాల్సిందెవరో, ఓదారుస్తున్నదెవరో ఆ గదిలో తలకిందులైపోయింది.

“నన్ను తిట్టరా.”

“తిడితే ఏమొస్తుంది? నువ్వు మాత్రం కావాలని చేశావా?” అన్నాడు తమ్ముడు. “ఇన్‌చార్జిగారికి చెప్పేయాలి. పాపం, పని మానుకుని వస్తానన్నాడు.”

ఫోన్ తీసుకుని వసారాలోకి వెళ్ళాడు. అక్క ముక్కు తుడుచుకుని మిషన్ ఆపబోయింది. తలుపు ఓరగా ఉండటంవల్ల మాటలు వినబడుతున్నాయి.

“లేదండీ, రావద్దు. పెట్టె నడవదు... అక్కను అనకండి, ఆవిడ పొడి లక్షణంగా ఉంది. అందరూ మెచ్చుకున్న పని అది. నా వల్లే కాలేదు. చేతిపనండీ, నాకు చెయ్యి కుదరడం లేదు... అవును, వణుకు. ఈ మధ్య ఎక్కువైంది... లేదు లేదు, ఆసుపత్రి మిషన్లు ఇక ముట్టుకోలేనండీ. పాత ఉద్యోగం మళ్ళీ ఇప్పిస్తానంటున్నారు గానీ, ఆ సంగతి మీరింకేం కదపొద్దు.”

అక్క ఒక్క అంగలో తలుపు దగ్గరికి వెళ్ళింది. ఆ ఫోన్ లాక్కుని చెప్పాలి. తప్పు నాది, వాడి చేతులు బంగారంలాంటివి, వాడికి పని ఇవ్వండి అని చెప్పాలి. చెబితే తన వ్యాసం, తన ఉద్యోగం, పెద్దసారు అడిగిన టైము, అన్నీ ఆ వసారాలోనే తేలిపోతాయి. ఆ లెక్క వేసుకుంటున్నానని ఆమెకే తెలిసింది. తెలిసినందుకు తనమీద తనకు అసహ్యమేసింది. అయినా తలుపు తీయలేదు.

అవతల తమ్ముడు ఉంటానండీ అని ఫోన్ పెట్టేసేదాకా పిడి పట్టుకుని అలాగే నిలబడింది.